చలి ఉదయమున మొరాయించు మోటారు

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఎల్.బి. నగరు దాటి విజయవాడ బాటకు చేరువలో మన్సూరాబాదు కలదు. నేడది కాలనీలతో నిండిన నగరభాగము. దానికి పొరుగుననే ఆటోనగరు ఉన్నది. లారీలు, విడిభాగాల అంగళ్ళు, వెల్డింగు షెడ్లు, మెకానిక్కుల కొట్లు అక్కడ బారులు తీరియుండును. ధనుర్మాసపు తెల్లవారుజామున ఆ పరిసరములలో తరచుగా వినవచ్చు చప్పుడు ఒకటి కలదు. డ్రైవరు తాళము త్రిప్పును. ఇంజను రెండు మూడు మార్లు మూలిగి ఊరకుండును. మరల త్రిప్పును, మరల మూలుగును. నాలుగవ మారు ఆ మూలుగు కూడ ఉండదు. “చలికి పట్టేసిందండీ” అని డ్రైవరు చెప్పును. విచారణ అంతటితో ముగియును. పిమ్మట నలుగురిని పిలిచి బండిని త్రోయించుటయో, క్రొత్త బాటరీ కొనుటయో జరుగును.

ఈ పొరపాటునకు వెల చిన్నది కాదు. కూరగాయల బండి ఒక ఉదయము కదలకున్నచో ఆనాటి కిరాయి పోవును, సరకు వాడిపోవును. బాగున్న బాటరీని పారవేసి వేరొకటి కొన్నను, మరునాడు అదే మూలుగు వినబడవచ్చును. కావున అడుగవలసిన ప్రశ్న ఒకటే: నేరము చలిదా, యంత్రముదా?

చలి ఎంత?

హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలల రాత్రి ఉష్ణోగ్రత సామాన్యముగా 15 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమున ఉండును. కొన్ని రాత్రులు 10 డిగ్రీలకు లోపునకు దిగును. బేగంపేటలో నమోదైన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి 8వ తేదీ నాటిది. నీరు గడ్డకట్టు చలి ఈ నగరమునకు తెలియదు. కాని కెనడాలోను, రష్యాలోను సున్నకు ఇరువది డిగ్రీలు దిగువన కూడ మోటారు బండ్లను నడుపుచున్నారు. అచ్చట నడచు యంత్రము ఇచ్చట 12 డిగ్రీలకే మొరాయించినదన్నచో, ఆ యంత్రములో ఏదో ఒక లోపము అదివరకే దాగియున్నదని అర్థము. ఎండకాలమున ఆ లోపము బయటపడక గడచిపోయినది. చలి దానిని బట్టబయలు చేసినది. అనగా మన ప్రాంతమున చలి ముద్దాయి కాదు, సాక్షి మాత్రమే.

మరి లోపము ఎక్కడ దాగియున్నది? దీనికి సమాధానము మోటారు చరిత్రలోనే దొరకును. ఇంజనును మేలుకొల్పుటకు మానవుడు నూటనలువది సంవత్సరములుగా ఒక్కొక్క ఉపాయమును చేర్చుకొనుచు వచ్చినాడు. ప్రతి ఉపాయము ఒక కష్టమును తొలగించినది. దానితోపాటు లోపము దాగుటకు మరియొక చోటు కల్పించినది.

చేతితో త్రిప్పిన దినములు

జర్మనీలో కార్ల్ బెంజి తన మూడు చక్రముల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటు కోరినాడు. దానిని నడిపించుటకు వెనుకనున్న పెద్ద చక్రమును చేతితో త్రిప్పవలసియుండెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో ఆ జాతి బండిలోనే మాన్‌హైమ్ నుండి ఫోర్జైమ్‌కు ప్రయాణము చేసినది. అది నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీ సూదితో శుభ్రపరచినది. నిప్పురవ్వ కలిగించు తీగ ఒరసికొనగా తన మేజోడు పట్టీని దానికి తొడిగినది. వీస్‌లాఖ్ అను ఊరిలో మందుల అంగడిలో ఇంధనము కొన్నది. ఆమె తనను తాను వేసికొన్న ప్రశ్నలు రెండే: ఇంధనము వచ్చుచున్నదా? నిప్పు పుట్టుచున్నదా? నేటికిని మెకానిక్కు వేసికొను మొదటి ప్రశ్నలలో ఇవి రెండును ఉన్నవి.

పిమ్మట ఈ రెంటికిని మెరుగులు వచ్చినవి. 1893 నాటికి పెట్రోలును సన్నని తుంపరగా గాలిలో కలుపు కార్బ్యురేటరు రూపొందినది. 1902లో బాష్ సంస్థలో గాట్లోబ్ హోనోల్డు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును సిద్ధపరచినాడు. అయినను ఇంజనును మొదట త్రిప్పవలసినది మనిషి చేయియే. బండి ముందునుండి ఇనుప హాండిలు దూర్చి బలముగా త్రిప్పుదురు. నిప్పురవ్వ ముందుగా పడినచో ఇంజను వెనుకకు తన్నును. హాండిలు పట్టిన మణికట్టు విరుగును. చలి ఉదయములలో ఈ పని మరింత కష్టము. చల్లబడిన నూనె చిక్కబడి ఇంజనును బిగబట్టును. పెట్రోలు సరిగా ఆవిరి కాదు.

ఈ కాలపు గుర్తు హైదరాబాదులోనే ఒకటి కలదు. చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనకు ఉంచిన నిజాముల సింహాసనపు కారు 1912 నమూనా రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు. విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు సాధనము ఆ జాతి కార్లకు 1919లోగాని రాలేదు. ప్రభువు కూర్చుండు కారుకైనను ఒక సేవకుడు ముందు నిలిచి హాండిలు త్రిప్పవలసినదే.

కొద్ది క్షణముల బలశాలి

ఈ కష్టమును తొలగించినవాడు అమెరికాలోని డేటన్ నగరవాసి చార్లెస్ కెటరింగు. ఆయన అంతకు పూర్వము అంగళ్ళలో డబ్బు లెక్కించు యంత్రమునకు చిన్న విద్యుత్ మోటారు అమర్చినాడు. ఆ పనిలో ఆయనకు ఒక సూక్ష్మము పట్టుబడినది. ఎడతెగక పనిచేయు మోటారు పెద్దదిగా ఉండవలెను. కాని కొద్ది క్షణములు మాత్రమే పనిచేయు చిన్న మోటారుచేత దాని శక్తికి మించిన బరువును మోయించవచ్చును. ఇంజనును మేలుకొల్పుట కొద్ది క్షణముల పనియే కదా! ఈ సూత్రముపై నిర్మించిన స్టార్టరు 1912 నమూనా కాడిలాక్ కార్లలో వచ్చినది. మోటారు పండ్లచక్రము ఇంజను పండ్లచక్రమును అందుకొని, పని తీరగానే వెనుకకు వచ్చు అమరిక విన్సెంట్ బెండిక్సు పేర 1914 నుండి కార్లలో వాడుకకు వచ్చినది. మన మెకానిక్కులు నేటికిని “బెండిక్సు అరిగింది” అనుచుందురు. అది ఒక మనిషి పేరని వారిలో చాలమందికి తెలియదు.

కెటరింగు ఉపాయముతో మణికట్టుకు అపాయము తప్పినది. కాని భారమంతయు బాటరీపై పడినది. సీసము, గంధకికామ్లములతో పనిచేయు ఈ ఘటమును ఫ్రాన్సు దేశీయుడు గాస్తోన్ ప్లాంటే 1859లో కనుగొన్నాడు. ఒక్కొక్క అర సుమారు 2.1 వోల్టుల బలము ఇచ్చును. ఆరు అరలు చేరి, నిండుగా ఉన్నపుడు 12.6 వోల్టులు చూపును. బాటరీలో జరుగునది రసాయనిక చర్య. చలి పెరిగినకొలది ఆ చర్య మందగించును. సున్న డిగ్రీల వద్ద బాటరీ తన బలములో సుమారు మూడింట రెండు వంతులే ఇవ్వగలదు. అయితే 15 డిగ్రీల వద్ద తగ్గునది కొద్దిగా మాత్రమే.

మరి మన బాటరీలు డిసెంబరులో ఏల చచ్చును? అవి నిజమునకు డిసెంబరులో చచ్చుట లేదు. మే నెలలోనే చచ్చుచున్నవి. రసాయనిక చర్యలు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినపుడు సుమారు రెండింతల వేగమున సాగునని స్థూలమైన సూత్రము. నలువది డిగ్రీలు దాటిన ఎండలో, అంతకన్న వేడియైన ఇంజను ప్రక్కన, బాటరీలోని సీసపు చట్రము త్వరత్వరగా తినివేయబడును. నీరు ఆవిరియై పోవును. కాని వేడి ఇంజను సులభముగా తిరుగును గనుక కుంటుచున్న బాటరీ కూడ వేసవిలో పని గడుపుకొనును. ఇంజను బిగుసుకొన్న తొలి చలి ఉదయమున దాని బలహీనత బయటపడును. గాయము వేసవిది, నింద చలిది.

బొగ్గు బస్సుల ఉదయములు

హైదరాబాదు రాజ్యమున నిజాం రైల్వే సంస్థ 1932 జూనులో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. అప్పటి బస్సులు 27. ఉద్యోగులు 166 మంది. స్కాట్లాండు దేశపు ఆల్బియన్ బస్సులు ఈ శాఖలో నడచినవి. ఈ శాఖయే 1951 నవంబరు 1న హైదరాబాదు ప్రభుత్వ శాఖయై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారినది. ఆ కాలమునకు విద్యుత్ స్టార్టర్లు వచ్చియున్నను, బస్సుల ముందు హాండిలు దూర్చు రంధ్రము ఇంకను ఉండెడిది. బాటరీని పూర్తిగా నమ్ముటకు ఎవరును సిద్ధముగా లేరు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. పెట్రోలు కరవైనది. తెలుగునాట రోడ్లపైకి బొగ్గు బస్సులు వచ్చినవి. బస్సు వెనుక ఇనుప పొయ్యి, దానిలో కట్టెబొగ్గు. చాలీచాలని గాలిలో బొగ్గును మండించినచో కార్బను మోనాక్సైడు అను మండు వాయువు పుట్టును. దానిని చల్లార్చి, వడకట్టి ఇంజనుకు అందించెడివారు. క్లీనరు తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసి, చేతితో పంకా త్రిప్పుచు కూర్చుండవలసివచ్చెడిది. వాయువు సరిగా మండుచున్నదని తెలిసిన పిమ్మటనే ఇంజనుకు పని. ఆ వాయువు విషము, వాసన లేనిది. మూసిన షెడ్డులో పీల్చినవానికి ప్రాణాపాయము.

ఆ వాయువును కోరి తయారుచేసిన కాలము పోయినది గాని, అపాయము పోలేదు. చలికాలమున మూసిన గ్యారేజీలో ఇంజనును “వేడెక్కనిత్తుము” అని నడపి ఉంచువారు అదే కార్బను మోనాక్సైడును పీల్చుచున్నారు. తలుపు తెరచి, బండిని ఆరుబయటకు తెచ్చిన తరువాతనే ఆ పని చేయవలెను.

నిప్పురవ్వ లేని ఇంజను

ఆటోనగరు లారీలు చాలవరకు డీజిలువి. రుడాల్ఫు డీజిలు నిర్మించిన ఇంజను 1897లో పరీక్షలకు నిలిచి, తనలోని ఇంధనపు శక్తిలో నాలుగవ వంతుకు పైగా పనిగా మార్చగలనని నిరూపించినది. దీనికి స్పార్కు ప్లగ్గు అక్కరలేదు. సిలిండరులో గాలిని బిగించి నొక్కగా పుట్టిన వేడికే ఇంధనము అంటుకొనును. సైకిలు పంపు కొట్టునపుడు దాని కొస వేడెక్కుట అందరు ఎరిగినదే. ఇదియు అట్టిదే.

ఇచట ఒక చిన్న లెక్క వేయవచ్చును. గాలిని పదునారవ వంతుకు నొక్కు ఇంజనులో, గాలి ఏమియు కారిపోనియెడల, 30 డిగ్రీల గాలి సుమారు 525 డిగ్రీలకు చేరును. 15 డిగ్రీల గాలి సుమారు 485 డిగ్రీలకు చేరును. అనగా బయటి 15 డిగ్రీల తేడా లోపల 40 డిగ్రీల తేడాగా పెరిగినది. అయినను 485 డిగ్రీలు డీజిలు అంటుకొనుటకు తక్కువ వేడి కాదు. కాని ముషలకపు రింగులు అరిగి గాలి కారిపోయినను, బాటరీ బలము చాలక ఇంజను మెల్లగా తిరిగినను, వేడి గోడలలోనికి ఇంకిపోవును. అప్పుడు మాత్రమే ఆ 40 డిగ్రీల కొరత ప్రాణాంతకమగును.

ఈ కొరత తీర్చుటకు చిన్న డీజిలు బండ్లలో హీటరు ప్లగ్గులు అమర్చినారు. తాళము త్రిప్పిన కొలది క్షణములలో అవి ఎర్రబడి సిలిండరులోని గాలికి వేడి ఇచ్చును. నాలుగింటిలో ఒకటి చెడినచో వేసవిలో ఎవరికిని తెలియదు. చలి ఉదయమున ఇంజను కుంటుచు, తెల్లని పొగ విడుచుచు లేచును. ఆ తెలుపు కాలని డీజిలు ఆవిరి.

స్కూటరును వంచినవారు

1972లో చేతక్ స్కూటరు వచ్చిన తరువాత మధ్యతరగతి ఇండ్ల ముంగిట ఒక దృశ్యము నిత్యకృత్యమైనది. కిక్కు కొట్టి కొట్టి అలసిన గృహస్థు, స్కూటరును ఒక ప్రక్కకు వంచి కొంతసేపు పట్టుకొని, తిరిగి నిలిపి కిక్కు కొట్టును, బండి అందుకొనును. ఇది మూఢనమ్మకము కాదు. పెట్రోలు చల్లగా ఉన్నపుడు దానిలోని తేలిక భాగము మాత్రమే ఆవిరియగును. గాలిలో తగినంత ఆవిరి ఉండవలెనన్నచో పెట్రోలును మామూలుకన్న మిక్కుటముగా పోయవలెను. చోకు గాలిని తగ్గించి చేయు పని ఇదే. వంచినపుడు కార్బ్యురేటరులోని పెట్రోలు పొంగి చేయునదియు ఇదే.

ఆ కాలపు స్కూటర్లలో పెట్రోలుకు నూనె కలిపి పోసెడివారు. రాత్రియంతయు నిలిచిన బండి కార్బ్యురేటరులో పెట్రోలు ఆవిరియై నూనె మిగులును; తెల్లవారి ఆ నూనె ప్లగ్గును తడిపి నిప్పురవ్వను ఆర్పివేయును. అందుకే జాగ్రత్తపరులు రాత్రి పెట్రోలు కుళాయి కట్టివేసి, ఉదయమున ప్లగ్గు విప్పి తుడిచెడివారు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశములో అమలైన కాలుష్య నియమములతో పెట్రోలు బండ్లలో కార్బ్యురేటరు దాదాపు కనుమరుగైనది. ఇప్పుడు చిన్న కంప్యూటరు ఇంజను వేడిని కొలిచి, ఎంత పెట్రోలు చిమ్మవలెనో నిర్ణయించును. చోకు మీట పోయినది. కాని లోపము క్రొత్త ఇల్లు చూచుకొన్నది. వేడిని కొలుచు సాధనము చెడి “ఇంజను వేడిగానే ఉన్నది” అని తప్పుడు కబురు పంపినచో, కంప్యూటరు చలి ఉదయమున కూడ తక్కువ పెట్రోలే చిమ్మును. బాటరీ మంచిదే, ప్లగ్గు మంచిదే. బండి మాత్రము లేవదు.

చెవితో మొదలగు పరీక్ష

ఇంతవరకు చూచిన చరిత్రయే పరీక్షకు క్రమమును చూపుచున్నది. త్రిప్పు బలము, నిప్పు, ఇంధనము, గాలి నొక్కిడి: ఈ నాలుగింటిని వరుసగా అడుగవలెను. అనుభవముగల మెకానిక్కు పానా పట్టకముందు చెవి ఒగ్గి వినుట ఇందుకే.

ఇంజను తిరుగక “టిక్కు” మని మాత్రమే పలికినను, లేక మెల్లగా మూలిగినను, లోపము త్రిప్పు బలములో ఉన్నది. అంతమాత్రమున బాటరీని నిందింపరాదు. మొదట బాటరీ కొనల వద్ద పూచిన తెల్లని పొడిని చూడవలెను. స్టార్టరు 200 ఆంపియర్ల విద్యుత్తు లాగుచుండగా ఆ కీలులో ఓములో నూరవ వంతు నిరోధము ఉన్నను, ఓము సూత్రము ప్రకారము 2 వోల్టులు అక్కడనే వ్యర్థమగును. చిన్న దీపము వెలుగుటకు ఈ నిరోధము అడ్డు కాదు గనుక “లైట్లు బాగా వెలుగుచున్నవి” అను వాదము చెల్లదు. సెల్ఫు తిరుగుచుండగా వోల్టుమీటరును బాటరీ సీసపు కొనకు, దానిపై బిగించిన తీగ పట్టుకు తాకించి చూచినచో నిజము తెలియును. కీలు శుభ్రమై ఉండి, తిరుగునపుడు బాటరీ బలము సుమారు 9.6 వోల్టులకన్న దిగిపోయినచో బాటరీనే అనుమానింపవలెను. ఇంజను నడచునపుడు 14 వోల్టుల ప్రాంతము చూపనిచో బాటరీకి మేత పెట్టు ఆల్టర్నేటరుదే తప్పు. క్రొత్త బాటరీ వేసినను అది ఆకలితో చచ్చును.

ఇంజను చురుకుగా తిరుగుచు అందుకొననిచో బాటరీని విడిచిపెట్టి నిప్పును, ఇంధనమును చూడవలెను. డీజిలు లారీ అయినచో రాత్రివేళ గొట్టములలో గాలి పట్టినదేమో చూడవలెను. కంటికి కానరాని పగులుగుండ గాలి చేరి డీజిలు టాంకులోనికి జారిపోవును. చేతిపంపు కొట్టి గాలిని తీసిన వెంటనే బండి లేచినచో ఆ పగులును వెదకుటయే మిగిలిన పని. పంపు కొట్టుటయే వైద్యమనుకొన్నవాడు ప్రతి ఉదయము కొట్టుచునే ఉండును.

ఇంజను అందుకొని వెంటనే ఆగినచో చల్లని వేళకు కావలసిన అదనపు ఇంధనము అందుట లేదు. కార్బ్యురేటరు బండిలో చోకును, క్రొత్త బండిలో వేడి కొలుచు సాధనమును పరీక్షింపవలెను. ఇవి అన్నియు సరిగా ఉండియు లేవనిచో చివరకు గాలి నొక్కిడిని కొలువవలెను. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు రంధ్రముగుండ చెంచాడు నూనె పోయగా నొక్కిడి పెరిగినచో అరిగినవి రింగులు. పెరగనిచో కవాటములను చూడవలెను.

ఈ క్రమమును విడిచి కొందరు డీజిలు టాంకు క్రింద గుడ్డలు మండింతురు; గాలి గొట్టములో ఈథరు చిమ్ముదురు. మొదటిది బండిని తగులబెట్టగలదు. రెండవది ఎర్రబడిన హీటరు ప్లగ్గును తాకి పేలగలదు. ఇవి రెండును లోపమును కనుగొనక, దానిని బెదిరించు ప్రయత్నములు.

బెర్తా బెంజి చేతిలో ఉండినది టోపీ సూది. నేటి మెకానిక్కు చేతిలో ఉన్నది కంప్యూటరుతో మాటాడు చిన్న పెట్టె. సాధనములు మారినవి గాని ప్రశ్నల వరుస మారలేదు. మన్సూరాబాదు వీధిలో ఈ చలికాలము ఏ బండియైన మూలిగినపుడు, “చలికి పట్టేసింది” అని తాళము మరల త్రిప్పుటకు ముందు ఆ మూలుగును ఒక్కమారు శ్రద్ధగా వినుట మేలు. బండి తన లోపమును తానే చెప్పుచుండును. చలి ఆ మాటను కొంచెము బిగ్గరగా వినిపించుచున్నది, అంతియే.